తొలి ములాఖత్‌కు పోయేటోళ్లకు ఎవరు చెప్పాలి?

సంపాదకుడు గారికి,

నిజాం కాలం నాటి వరంగల్ సెంట్రల్ జైలును 2021లో ఆసుపత్రి కోసం కూల్చేశారు. అప్పటి నుంచి జైల్లో ఉన్న మనవాళ్లను చూడటానికి ఖమ్మమో, చర్లపల్లో, చంచల్‌గూడో పోవాల్సి వస్తోంది. ఆసుపత్రి వద్దని ఎవరూ అనరు. కానీ ఇంత దూరం పోయే కుటుంబాలకు ఏం తీసుకెళ్లాలో, ఎవరిని అడగాలో చెప్పే దిక్కు లేదు.

మా అక్క కొడుకు రిమాండ్‌కు పోయినప్పుడు ఏ జైల్లో ఉన్నాడో వకీలు గుమస్తా వెంట పడి తెలుసుకున్నాం. అక్క తెల్లారకముందే లేచి సర్వపిండి చేసి, టిఫిన్ డబ్బాను దారంతా ఒళ్లోనే పెట్టుకొని కూర్చుంది. ఇంటి తిండి లోపలికి పోనియ్యమని గేటు దగ్గర చెప్పారు. నియమం నియమమే, సిబ్బందిని తప్పుపట్టను. ముందే తెలిస్తే ఆమెకు ఆ బాధ ఉండేది కాదు. ఫోన్లు ఎదురుగా చాయ్ కొట్లో పైసలిచ్చి పెట్టాం. మా ముందున్న ముసలాయన ఆధార్ కార్డు తేలేదని ఉత్తగనే తిరిగిపోయాడు, కూలి పోగొట్టుకొని ములుగు దిక్కు నుంచి వచ్చిన మనిషి! లోపల అద్దం అవతల పిల్లగాణ్ని చూసి అక్క ఏడుపు ఆపుకోలేకపోయింది. బెయిల్ మాట ఎత్తేలోపే టైమ్ అయిపోయింది.

ములాఖత్ కోసం ముందే ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు, వీడియోలో మాట్లాడే ఏర్పాటు కూడా ఉంది. ఈ-ములాఖత్ అంటారు. కస్టడీలో ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టమే చెబుతోంది, 15100కు ఫోన్ చేస్తే చాలు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. తెలియక ఎంతమంది అప్పు చేసి వకీలుకు కట్టారో!

రిమాండ్ వేసిన రోజే ఇంటివాళ్ల చేతికి తెలుగులో ఒక కాగితం ఇవ్వాలి. ఏ జైలు, ఏ రోజుల్లో ములాఖత్, ఏ గుర్తింపు కార్డు కావాలి, బట్టలు ఇవ్వొచ్చా, డబ్బులెట్లా జమ చేయాలి అన్నవి అందులో ఉంటే చాలు. చదువు రానివాళ్లకు చదివి చెప్పడానికి, ఈ-ములాఖత్ నమోదు చేసిపెట్టడానికి హన్మకొండ అదాలత్‌లో న్యాయసేవాధికార సంస్థ ఒక పారా లీగల్ వాలంటీర్‌ను కూర్చోబెట్టాలి. జైళ్ల శాఖ గేటు బయట ఫోన్లు దాచుకునే లాకర్లు, నీడకు ఒక షెడ్డు, తాగడానికి నీళ్లు ఏర్పాటు చేయాలి. కొత్త జైలు వచ్చేదాకా వీటిని ఆపాల్సిన పనిలేదు.

— ఒక పాఠకురాలు, కాశిబుగ్గ, వరంగల్