కె.సి. (కర్నూలు-కడప) కెనాల్ ఆయకట్టు రైతుల సంఘం, కర్నూలు: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సంఘం ఎందుకుందో మళ్లీ చెప్పనక్కర్లేదు. ఈ ఏడు గట్ల మీద పనికన్నా కాగితాల పనే ఎక్కువైంది.

చెప్పుకోదగ్గది న్యాయవాదులతో, ఆడిటర్‌తో కర్నూలులో పెట్టిన సమావేశం. తుంగభద్ర డ్యాంలో పూడిక చేరి, సుమారు 133 టీఎంసీల (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) నిల్వ 105.788కి పడిపోయింది. అందుకే నవలి దగ్గర ఇంకో జలాశయం కావాలని కర్ణాటక అడుగుతోంది. అడగడం తప్పు కాదు. ప్రభుత్వాలు ఒప్పందం రాసుకున్నాక వకీలు దగ్గరికి పోతే మాత్రం లాభం తక్కువ. 1956 నాటి అంతర్రాష్ట్ర నదీ జలాల వివాదాల చట్టం 11వ సెక్షను నదీ జలాల వివాదాల్లోకి కోర్టులను రానివ్వదు. చర్చల్లో మనవాళ్లు సంతకం పెట్టిన మినిట్సే (చర్చల నమోదు కాగితాలే) రేపు ట్రిబ్యునల్లో మనకు ఎదురు తిరుగుతాయి. కాబట్టే ముందుగా అడిగాం.

ఒప్పందం ముసాయిదాలో మొదట చూడాల్సింది నీళ్లు కొలిచే చోటు అని న్యాయవాదులు అన్నారు. కృష్ణా జలాలు పంచిన బచావత్ ట్రిబ్యునల్ మన కాలువకిచ్చిన 39.9 టీఎంసీల్లో 10 డ్యాం నుంచి రావాలి. వెయ్యి క్యూసెక్కులు (సెకనుకు వెయ్యి ఘనపుటడుగులు) రోజంతా వదిలితే 0.0864 టీఎంసీ, అంటే ఆ పది 116 రోజులకు సరి. ఈ లెక్క డ్యాం దగ్గరా, మన కాలువ మొదలయ్యే సుంకేసుల దగ్గరా? రాయకపోతే దారిలో నేలలోకి ఇంకిపోయేదీ, మోటార్లు తోడేదీ మన ఖాతాలోనే పడుతుంది. ‘లభ్యతను బట్టి’ అని కనబడిన ప్రతిచోటా, కొరత ఏడాది ఎవరికెంత కోతో అంకె వేయించాలి. ఖర్చులో వాటా ఇప్పుడు, నీళ్లలో వాటా తర్వాత అంటే ఒప్పుకోవద్దని ఆడిటర్ గట్టిగా చెప్పారు. పంట నష్టానికి నోటిలెక్క పనికిరాదు. ఈ-క్రాప్ (ప్రభుత్వ పంట) నమోదు, నీటి కొలతలు రాసే గేజి రిజిస్టరు నకలు, డీజిల్ రసీదులు, యార్డు తక్‌పట్టీలు (పంట అమ్మిన చీటీలు) తేదీల వరుసలో కుదరాలి. మనవాళ్లు తెచ్చిన తక్‌పట్టీలు చాలావాటి మీద ఊరి పేరే లేదు!

2024 ఆగస్టు 10న తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయి వృథా అయిన నీళ్లు ఎవరి వాటాలో రాశారన్నది తేల్చడానికి సమాచార హక్కు చట్టం కింద ఆ నెల గేజి నకళ్లు అడిగాం. ఒక కార్యాలయం 30 రోజుల గడువు దాటించింది. మొదటి అప్పీలు వేశాక, సమావేశం ముగిశాక ఇచ్చింది. అందులో ఆగస్టు పేజీలు లేవు. మళ్లీ వేశాం.

ఫీజు తీసుకోని న్యాయవాదులకు, ఆడిటర్‌కు, లెక్కలు సరిచూసిన రిటైర్డు ఇంజనీరు గారికి, హాలు ఇచ్చినవారికి, భోజనాలు చూసిన మహిళా సభ్యులకు, నకళ్లు తీసిన కుర్రాళ్లకు కృతజ్ఞతలు. కడప వైపు చివరి భూముల రైతులు రెండు బస్సులు మారి వచ్చారు. కర్నూలు టౌనులో ఉండే కార్యవర్గ సభ్యుల కుర్చీలు మాత్రం సాయంత్రం దాకా ఖాళీ. పేర్లు రాయడం లేదు, హాజరు పుస్తకం చూసుకోండి.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, పత్రం వెనక జతచేశాం. చందా బాకీలు అందులోనే ఉన్నాయి.

నిపుణుల అభిప్రాయం టైపు చేసి జలవనరుల శాఖకు పంపాం. జవాబు రాలేదు. ఊరి పేరున్న తక్‌పట్టీలు ఉగాదిలోగా ఆఫీసులో ఇవ్వండి.

ఇట్లు,
కార్యదర్శి