ఫ్లోరైడ్ నేల మీద వెన్ను విరిచే వైద్యం

సంపాదకులకు నమస్కారం.

‘సయాటికా ఒక్క సిట్టింగులో మాయం’ అనే ప్రకటనలు, టక్కుమని వెన్ను విరిచే ఫోన్ వీడియోలు చూసి మన జిల్లాల నుంచి చాలామంది హైదరాబాద్ బస్సెక్కుతున్నారు. ఆ వీడియోలే చూసి నేర్చుకున్నవాళ్ల చేతికి నడుము అప్పగిస్తున్నవాళ్లూ ఉన్నారు. వెన్నుపూసలను చేతితో తోసి, తిప్పి చేసే ఈ వైద్యం పేరు కైరోప్రాక్టిక్. కైరోప్రాక్టిక్‌ను మొత్తంగా కొట్టిపారేయాలని మేం ఇది రాయడం లేదు. కానీ నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ కలిసిన బోరు నీళ్లు తాగిన వెన్ను వేరు, ఆ వీడియోల్లో బల్ల మీద పడుకున్న పాతికేళ్ల కుర్రాడి వెన్ను వేరు. ఈ తేడా తెలియకుండా ఎవరూ నడుము తిప్పించుకోకూడదు.

ముందు సయాటికా నొప్పి సంగతి. నడుము కింది పూసల నుంచి, వాటి కిందున్న త్రికాస్థి నుంచి వచ్చే నరాల పాయలు కలిసి సయాటిక్ నరం అవుతుంది. శరీరంలో దీనికంటే లావు నరం లేదు. పిర్ర, తొడ వెనక, పిక్క మీదుగా పాదం దాకా దిగుతుంది. దాని మొదట్లో ఎక్కడైనా ఒత్తిడి పడితే కరెంటు కొట్టినట్టు కాలు పొడవునా జివ్వుమంటుంది. కాలు గుంజిన ప్రతిసారీ అది సయాటికా కాదు. రెండు అరికాళ్లూ ఒకేలా మండితే షుగరు చూపించుకోవాలి. నొప్పి గజ్జలో ఉండి, బాసింపట్టు వేసుకోవడం కష్టమైతే తుంటి కీలు చూపించుకోవాలి. అసలు సయాటికా చాలావరకు ఒక్క కాలికే వస్తుంది, మోకాలు దాటి కిందికి దిగుతుంది, నడుములో కన్నా కాలిలోనే ఎక్కువ బాధ పెడుతుంది.

ఏ నరమో ఇంట్లోనే కొంత తెలుసుకోవచ్చు. నొప్పి పిక్క బయటివైపు నుంచి పాదం పైభాగానికి, బొటనవేలికి వెళ్తే అది ఎల్5, అంటే నడుము ఐదో పూస కింది నుంచి వచ్చే నరం. అప్పుడు మడిమల మీద పది అడుగులు వేసి చూడండి. పాదం ముందు భాగం పైకి లేవకపోయినా, నడుస్తుంటే చెప్పు తెలియకుండా జారిపోతున్నా నరం బలహీనపడినట్టే. నొప్పి పిక్క వెనక నుంచి పాదం బయటి అంచుకు, చిటికెన వేలికి వెళ్తే అది ఎస్1, అంటే త్రికాస్థి నుంచి వచ్చే మొదటి నరం. దానికి మునివేళ్ల మీద నడిచి చూడాలి. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా వేరొకరు కాలు నెమ్మదిగా పైకెత్తినప్పుడు 30 నుంచి 70 డిగ్రీల మధ్య మోకాలి కిందిదాకా నొప్పి పాకితే డిస్కు (పూసల మధ్య ఉండే మెత్త) నరాన్ని ఒత్తుతోందని అనుమానించాలి. తొడ వెనక కండ బిగుసుకోవడం మాత్రం లెక్కలోకి రాదు. చాలామంది అక్కడే పొరబడతారు.

పూసల మధ్య ఉండే డిస్కు చిరిగి నరం మీదికి రావడం వల్ల ఈ నొప్పి వస్తుందని 1934లో అమెరికాలో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు వైద్యులు రాసిన వ్యాసంతో వైద్యలోకానికి బాగా తెలిసింది. ఇందులో ఒత్తిడితో పాటు వాపు కూడా ఉంటుంది. బయటికి వచ్చిన డిస్కు ముక్కను చాలాసార్లు శరీరమే మెల్లగా కరిగించుకుంటుంది. అందుకే చాలామందికి 6 నుంచి 12 వారాల్లో నొప్పి బాగా తగ్గుతుంది. ఆ వారాల్లో ఏ చికిత్స చేయించుకుంటే దానికే పేరొస్తుంది. ప్రకటనల బలం చాలావరకు ఇక్కడే ఉంది.

ఇది డిస్కు సయాటికా. మన దగ్గర ఇంకో రకం ఉంది. ఫ్లోరైడ్ ఎముకలో చేరితే ఎక్స్‌రేలో ఎముక తెల్లగా, చిక్కగా కనిపిస్తుంది కానీ దాని గట్టితనం నమ్మదగింది కాదు. పూసలను కలిపి ఉంచే కట్లు సున్నం పట్టి ఎముకలా మారతాయి. నరాలు పోయే దారి ఇరుకవుతుంది. ఈ జబ్బునే ఫ్లోరోసిస్ అంటారు. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ గురించి 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్యాసం వచ్చిందంటే ఈ జబ్బు ఇక్కడ ఎంత పాతదో తెలుస్తుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపే ఉండాలి, వేరే నీళ్లు దొరకనిచోట కూడా 1.5 దాటకూడదు. మిషన్ భగీరథతో నీళ్లు మారాయి, సంతోషం. అయితే ఎముకలో చేరిన ఫ్లోరైడ్ నీళ్లు మారిన రోజే పోదు. ఇవాళ యాభై దాటినవాళ్ల వెన్నులో అది ఉంది.

ఈ ఇరుకు వెన్నుకు గుర్తులు వేరుగా ఉంటాయి. నాలుగడుగులు నడిస్తే రెండు కాళ్లూ బరువెక్కి తిమ్మిరెక్కుతాయి, కాసేపు కూర్చుంటే సర్దుకుంటాయి. సైకిలు మీద ముందుకు వంగి తొక్కితే ఇబ్బంది ఉండదు, అదే దూరం నడిస్తే ఆగాల్సి వస్తుంది. డిస్కు మనిషికి ఇది తిరగబడుతుంది: కూర్చుంటే, వంగితే, దగ్గితే బాధ, నిలబడి నడిస్తే కాస్త నయం. ఫ్లోరోసిస్ ఉందేమో చూడటానికి మూడు చిన్న పరీక్షలు చాలాకాలంగా వాడుకలో ఉన్నాయి. మోకాళ్లు వంచకుండా నేల మీది నాణెం తీయగలరా? గడ్డం ఛాతీకి ఆనుతుందా? రెండు చేతులూ తల వెనక కలుస్తాయా? వీటిలో ఏది రాకపోయినా వెన్నుతో పాటు ముంజేయికి కూడా ఎక్స్‌రే తీయించాలి. ముంజేతిలోని రెండు ఎముకల మధ్య పొర సున్నం పట్టి కనిపిస్తే అది ఫ్లోరోసిస్‌కు గట్టి సాక్ష్యం.

అలా బిగుసుకుపోయిన వెన్నును ఒక్కసారిగా మెలితిప్పితే ఏమవుతుందో ఆలోచించండి. మామూలు వెన్నులో ఆ తోపుడును కీళ్లన్నీ తలా కొంత పంచుకుంటాయి. పూసలు అతుక్కున్న వెన్నులో అది పంచుకోవడానికి కీళ్లు ఉండవు, బలమంతా ఒకే చోట పడుతుంది. అక్కడ పూస విరగవచ్చు. అప్పటికే ఇరుకైన దారిలో నరం నలిగి కాళ్లు పడిపోవచ్చు. అందుకే ఫ్లోరోసిస్ ఉన్నవాళ్లకు విరుపు వైద్యం అసలు వద్దు. ముసలితనంలో ఎముక గుల్లబారినవాళ్లకు, వెన్ను టీబీ అనుమానం ఉన్నవాళ్లకు, క్యాన్సర్ వచ్చి తగ్గినవాళ్లకు, రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవాళ్లకు, పాదంలో బలం తగ్గుతున్నవాళ్లకు కూడా ఇదే మాట.

ఇక కైరోప్రాక్టిక్ సంగతి. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్ ఊళ్లో డి.డి. పామర్ దీన్ని మొదలుపెట్టాడు. జబ్బులన్నిటికీ పూసలు తప్పుకోవడమే మూలమన్న ఆయన సిద్ధాంతం పరీక్షల్లో నిలవలేదు. నడుము నొప్పికి చేతితో చేసే చికిత్స కొంత ఉపశమనం ఇస్తుందన్నది మాత్రం నిలిచింది. సయాటికా విషయంలో ఆధారాలు తక్కువే, కానీ ఉన్నవి దాచడం న్యాయం కాదు. ఇటలీలో డిస్కు ఉబ్బిన 102 మందితో చేసిన పరిశీలన 2006లో వచ్చింది. కాలిలోకి దిగే నొప్పి పూర్తిగా పోయినవాళ్లు అసలు చికిత్స పొందినవారిలో 55 శాతం, పైపైన తాకి వదిలేసినవారిలో 20 శాతం. ఇది చెప్పుకోదగ్గ తేడా. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాలు చేతి చికిత్సను ఒప్పుకుంటూనే, వ్యాయామంతో కలిపితేనే చేయాలన్నాయి. నడుము బెల్టు, ట్రాక్షన్ (బరువులు కట్టి నడుమును లాగడం) వద్దన్నాయి. మన దగ్గర మొదట చేతికొచ్చేవి ఆ రెండే కావడం బాధాకరం. బెల్టు నెలల తరబడి కడితే కండలు పని మరిచిపోవచ్చు.

టక్కుమనే చప్పుడుకు అంత విలువ ఇవ్వకండి. మెటికలు విరిచినప్పుడు వచ్చే చప్పుడు లాంటిదే అది, కీలులోని ద్రవంలో వాయువు బుడగ ఏర్పడటం వల్ల వస్తుంది. తప్పుకున్న పూస చోటుకొచ్చిందనీ, జారిన డిస్కు లోపలికి పోయిందనీ దానికి అర్థం కాదు. చప్పుడు రాలేదని ఇంకోసారి గట్టిగా తిప్పడం ప్రమాదం.

మన దేశంలో కైరోప్రాక్టిక్‌కు విడిగా కౌన్సిల్ లేదు, కాబట్టి బోర్డు చూసి నమ్మే వీలు లేదు. ఎక్కడ చదివారు, ఎన్నేళ్లు చదివారు అని నేరుగా అడగండి. ముట్టుకునే ముందు మోకాలు, చీలమండ దగ్గర చిన్న సుత్తితో కొట్టి చూడాలి, మడిమల మీద నడిపించాలి, మూత్రం సంగతి అడగాలి. ఇవేవీ చేయకుండా బల్ల ఎక్కించేవాళ్ల దగ్గర నుంచి లేచి వచ్చేయండి. కాలు నొప్పికి మెడ తిప్పడం అవసరం లేదు, దాన్ని ఒప్పుకోకండి. మెడలోని రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చే ముప్పు అరుదే అయినా ఉంది. ఇరవై, ముప్పై సిట్టింగుల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టకండి. మూడు, నాలుగు వారాల్లో ఆరుసార్లు చేయించుకున్నా మార్పు లేకపోతే ఏడోసారి వెళ్లాల్సిన పని లేదు. విరవకుండా, కదిలే బల్ల మీద నడుమును మెల్లగా సాగదీసే పద్ధతి కూడా ఉంది. డిస్కు మనిషికి విరుపు కన్నా అదే నయమని మా అభిప్రాయం.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లతో నడుము తన్నించుకోవడం, వాతలు పెట్టించుకోవడం ఇంకా కొన్ని ఊళ్లలో ఉన్నాయి, అవీ మానాలి. పిర్రకు నొప్పి సూది వేయించుకునేటప్పుడు ఆ సూది పైభాగంలో, బయటివైపు పడేలా చూసుకోండి. కింద, లోపలివైపు వేస్తే సూది సయాటిక్ నరానికే తగలవచ్చు.

ఇంట్లో ఏం చేయాలి? మంచం పట్టకండి. రెండు వారాలు పడుకోబెట్టినవాళ్లకూ పనులు చేసుకుంటూ తిరిగినవాళ్లకూ తేడా లేదని 1999లో నెదర్లాండ్స్‌లో చేసిన పరిశీలనలో తేలింది. రోజుకు మూడుసార్లు పదేసి నిమిషాలు చదునైన చోట నడవండి, వారానికి ఐదు నిమిషాల చొప్పున పెంచండి. కటిక నేల మీద పడుకుంటేనే నడుము బాగవుతుందన్నది అపోహ. మరీ మెత్తగా, మరీ గట్టిగా కాని పరుపు మంచిది. పక్కకు తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య, వెల్లకిలా పడుకుంటే మోకాళ్ల కింద దిండు పెట్టుకోండి.

డిస్కు రకానికి మంచి వ్యాయామం బోర్లా పడుకోవడం. మొదట ఐదు నిమిషాలు ఊరికే పడుకోవాలి. తర్వాత మోచేతుల మీద లేచి రెండు నిమిషాలు ఉండాలి. అది ఓర్చుకోగలిగితే అరచేతుల మీద ఛాతీని లేపుతూ, నడుమును వదులుగా వదిలేసి, పదిసార్లు దించి ఎత్తాలి. పగలు రెండు, మూడు గంటలకోసారి చేయాలి. ఇక్కడ ఒక్కటి గుర్తుంచుకోండి. నొప్పి పాదం నుంచి పిక్కకు, పిక్క నుంచి పిర్రకు, నడుముకు ఎక్కుతుంటే సరైన దారిలో ఉన్నట్టు, నడుములో కాస్త పెరిగినా సరే. కిందికి దిగుతుంటే వెంటనే ఆపేయాలి. ఇరుకు వెన్నువాళ్లు ఈ వ్యాయామం చేయకూడదు, వెనక్కి వంచితే దారి ఇంకా ఇరుకవుతుంది. వాళ్లు వెల్లకిలా పడుకుని ఒక్కో మోకాలిని ఛాతీ వైపు తెచ్చుకుంటే సుఖం. ఎవరైనా సరే కాలు చాచి గట్టిగా గుంజి పట్టుకోకండి. వాచిన నరం తాడు కాదు, లాగితే ఇంకా రేగుతుంది.

పని మానుకోలేనివాళ్లే మన దగ్గర ఎక్కువ. నాట్లు వేసేటప్పుడు ఇరవై నిమిషాలకోసారి లేచి, నడుము మీద చేతులు పెట్టుకుని ఐదుసార్లు వెనక్కి వంగాలి. పత్తి ఏరేటప్పుడు ఒడి నిండేదాకా ఆగకుండా సగానికే ఖాళీ చేయాలి. 16 లీటర్ల స్ప్రే డబ్బాలో మందు నీళ్లే 16 కిలోలు, డబ్బా బరువు అదనం. దాన్ని నేల మీద నుంచి కాక నడుమెత్తు గట్టు మీద నుంచి భుజానికెత్తుకోవాలి, నొప్పి ఉన్నన్నాళ్లు సగమే నింపాలి. మగ్గం గుంటలో కూర్చునేవాళ్లు, ఆటో, లారీ నడిపేవాళ్లు అరగంటకోసారి లేవాలి, వెనక జేబులో పర్సు తీసేయాలి. పొద్దున లేచిన మొదటి గంటలో డిస్కు నీరు పట్టి ఉబ్బి ఉంటుంది. అప్పుడే వంగి బిందెలెత్తడం, పేడ తీయడం వద్దు, ఆ పని గంట తర్వాత పెట్టుకోండి. మలబద్ధకం వల్ల ముక్కితే ఒత్తిడి నేరుగా డిస్కు మీదే పడుతుంది. జొన్నరొట్టె, ఆకుకూర, సరిపడా నీళ్లు, కొన్నాళ్లు కుర్చీలాంటి మరుగుదొడ్డి ఇందుకు సాయపడతాయి. బీడీ మానడం వెన్నుకూ మేలే.

మొదటి ఆరు వారాలు, ప్రమాద సూచనలు లేకపోతే ఎంఆర్ఐ అక్కర్లేదు. నొప్పి లేని ఇరవై ఏళ్లవాళ్లలోనే 30 శాతం మందికి, ఎనభై ఏళ్లవాళ్లలో 84 శాతం మందికి డిస్కు ఉబ్బు కనిపిస్తుంది. ఆ రిపోర్టు పట్టుకుని భయపడి ఆపరేషన్‌కు పరిగెత్తినవాళ్లు ఎక్కువ. కానీ కొన్నిటికి ఒక్క రోజు కూడా ఆగకూడదు. మూత్రం రాకపోవడం, తెలియకుండా పోవడం, సైకిలు సీటుకు ఆనే చోట స్పర్శ లేకపోవడం, రెండు కాళ్లలో బలం తగ్గడం కనిపిస్తే అదే రాత్రి పెద్దాసుపత్రికి వెళ్లాలి. 48 గంటల్లోపు ఆపరేషన్ జరిగితేనే కోలుకునే అవకాశం బాగుంటుంది. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే టీబీ పరీక్ష చేయించాలి.

జిల్లా వైద్యాధికారులకు మా విన్నపం. ఫ్లోరైడ్ మండలాల్లోని ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వారానికి ఒక రోజైనా ఫిజియోథెరపిస్టును పంపండి. నాణెం, గడ్డం, చేతుల పరీక్షలను ఆశా కార్యకర్తలకు నేర్పండి, పది నిమిషాల పని. వెన్ను, ముంజేయి ఎక్స్‌రేల్లో ఫ్లోరోసిస్ తేలినవాళ్ల ఓపీ చీటీ మీద ‘వెన్ను తిప్పరాదు’ అని ఎర్ర సిరాతో తెలుగులో రాయించండి.

– ఫిజియోథెరపిస్టులు, నల్లగొండ