సకినాలు అమ్మే నా బిడ్డకు

బిడ్డా,

నీ ఇన్‌స్టాగ్రామ్ పేజీకి ఫాలోవర్లను తెచ్చిపెడతానన్న ఆ పిల్లగానికి పైసలు పంపకు. సకినాల ప్రచారం ఎట్లా చేయాలని నువ్వు ఫోన్‌లో అడిగినప్పుడు దుకాణంలో గిరాకీ ఉండి రెండు మాటలు కూడా సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే ఈ రాత్రి షట్టర్ వేశాక కూర్చుని రాస్తున్నా, కొంచెం పొడుగైనా మొత్తం చదువు. పది వేలు ఇస్తే పది వేల మంది వస్తారని చెప్పాడు కదా, వాళ్లు ఏ ఊరివాళ్లో, మనుషులో కాదో కూడా తెలియదు. వాళ్లలో ఒక్కరు కూడా కిలో సకినాలు అడగరు. నష్టం అక్కడితో పోదు. నీ వీడియో వచ్చినప్పుడు ఆగి చూడనివాళ్లు ఎంత ఎక్కువ ఉంటే, ఇన్‌స్టాగ్రామ్ దాన్ని కొత్తవాళ్లకు అంత తక్కువ చూపిస్తుంది. పైగా దొంగ ఖాతాలని తేలితే ఇన్‌స్టాగ్రామ్ వాళ్లే తీసేస్తుంటారు. ఆ పది వేలతో నూనె, నువ్వులు, మంచి డబ్బాలు కొనుక్కో.

నీకు కావలసినవాళ్లు ఇప్పటికే ఉన్నారు. నీ చేతి సకినాలు తిన్నవాళ్లు. కాలనీలో తీసుకున్నవాళ్లు, అల్లుడి ఆఫీసులో రుచి చూసి మళ్లీ అడిగినవాళ్లు, బిడ్డ సారెకు ఐదారు కిలోలు చేయించుకున్న ఆ పెద్దమ్మ, బతుకమ్మకు మలీద ఉండలు అడిగినవాళ్లు. వీళ్ల పేర్లు ఒక నోట్‌బుక్‌లో రాశావా? రాయకపోతే రేపే మొదలుపెట్టు. పేరు, నంబరు, ఏం తీసుకున్నారు, ఏ పండక్కో ఏ ఫంక్షన్‌కో, ఉప్పు తక్కువైందన్నారా, వాము ఎక్కువ వేయమన్నారా, అంతా. పర్కాలలో మన దుకాణం ఇన్నేళ్లు నడిచింది బోర్డు చూసి వచ్చినవాళ్లతో కాదు బిడ్డా, ఎవరింట్లో ఏ బియ్యం వండుతారో, ఎవరికి ఎప్పుడు జీతం పడుతుందో నాకు తెలుసు కాబట్టి నడిచింది. ఫోన్‌లో అమ్మినా అదే పని. పేజీ ఇన్‌స్టాగ్రామ్ కంపెనీది, రేపు ఎవడో హ్యాక్ చేస్తే పోతుంది, ఏ కారణమూ చెప్పకుండా బంద్ కూడా పెట్టొచ్చు. నోట్‌బుక్ మాత్రం నీ దగ్గరే ఉంటుంది.

వాట్సాప్ బిజినెస్ అని వేరే యాప్ ఉంది, ఫ్రీనే. దానికి వేరే సిమ్ తీసుకో, నీ సొంత నంబరు ఊరంతా తిరగడం నాకు ఇష్టం లేదు. వేరేవాళ్లు నీ ఖాతాలోకి రాకుండా టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ కూడా పెట్టు. అందులో కేటలాగ్ ఉంటుంది. సకినాలు, గారెలు, గరిజెలు, మురుకులు, ఒక్కొక్కదానికి ఫొటో, బరువు, రేటు పెట్టొచ్చు. రేటు తప్పకుండా పెట్టు. ‘రేటు కోసం మెసేజ్ చేయండి’ అని రాస్తున్నారు చాలామంది, నాకైతే అది అసలు నచ్చదు. అడిగితే కొనాల్సి వస్తుందేమోనని సగం మంది అడగనే అడగరు. లేబుళ్లు కూడా ఉంటాయి, ‘సంక్రాంతి’, ‘సారె’, ‘హైదరాబాద్ పార్సిల్’ అని పెట్టుకుంటే ఎవరికి ఏం చెప్పాలో వెతుక్కోవాల్సిన పని ఉండదు.

గ్రూప్ మాత్రం చేయకు. గ్రూప్ అంటే అందరి నంబర్లు అందరికీ కనిపిస్తాయి, నీ దగ్గర కొనేది ఎక్కువగా ఆడవాళ్లే, వాళ్ల నంబర్లు తెలియని మగవాళ్ల చేతిలో పడితే ఎంత చిరాకు! పైగా గుడ్ మార్నింగ్ బొమ్మల కింద నీ ఆర్డర్లు కనబడకుండా పోతాయి. బ్రాడ్‌కాస్ట్ లిస్ట్ చేసుకో. ఒక లిస్టులో 256 మంది వరకు పెట్టొచ్చు, ఎవరికి వాళ్లకు విడిగా మెసేజ్ వెళ్తుంది. కానీ ఒక మెలిక ఉంది, నీ నంబరు వాళ్ల ఫోన్‌లో సేవ్ చేసి ఉంటేనే ఆ మెసేజ్ అందుతుంది, లేకపోతే నువ్వు పంపినా వాళ్లకు రాదు. అందుకే ప్యాకెట్ ఇచ్చేటప్పుడే ‘అక్కా, నా నంబరు జర సేవ్ చేసుకోండి, తాజాగా చేసినప్పుడు చెప్తా, పంపొచ్చా?’ అని అడుగు. సరేనన్నవాళ్లకే పంపు. రోజూ పంపితే విసిగి బ్లాక్ చేస్తారు, కొత్తగా చేసిన రోజు ఒక ఫొటో, రేటు, ఎన్ని కిలోలు ఉన్నాయో, ఇంతే చాలు.

వీడియోల సంగతి. నువ్వు పెట్టినవి చూశాను. పెద్ద పాట ఒకటి వేసి, రంగులు మార్చి, ఆఖరికి ప్లేటులో సకినాలు చూపించావు. అది ఎవరైనా చేస్తారు. నీ దగ్గర ఉన్న అసలు సంగతి నీ చేతులు. నానబెట్టిన బియ్యం పట్టించిన తడి పిండిలో నువ్వులు, వాము కలిపి, తెల్ల బట్ట మీద వేళ్లతో మెలిపెడుతూ వలయం మీద వలయం చుట్టడం, అదీ ఆగకుండా, తెగకుండా! ఈ తరం పిల్లల్లో ఎంతమందికి వస్తుంది? మీ నానమ్మ దగ్గర మీ అమ్మ నేర్చుకుంది, మీ అమ్మ దగ్గర నువ్వు నేర్చుకున్నావు. హైదరాబాద్‌లో ఉన్న మన జిల్లా పిల్లలు, అమెరికా పోయినవాళ్లు దాన్ని చూసి ఆగిపోతారు, ఎందుకంటే వాళ్లింట్లో కూడా సంక్రాంతి ముందు వాకిట్లో ఇట్లాగే కూర్చుని చుట్టేవాళ్లు. నీకు ముఖం చూపించాలని లేకపోతే చూపించకు, చేతులు చాలు. పొద్దున వరండాలో వెలుతురు మంచిగా ఉంటుంది, ట్యూబ్‌లైట్ కింద తీయకు, ఫిల్టర్ వేయకు, ఫిల్టర్ వేస్తే సకినం రంగే మారిపోతుంది, పార్సిల్ విప్పినవాళ్లు ‘ఫొటోలో ఒకటి, డబ్బాలో ఒకటి’ అంటారు. ఫోన్ నిలువుగా పట్టుకో. పాట తీసేసి నూనెలో వేసిన చప్పుడు వినపడనివ్వు. చుట్టాక తడి కాస్త ఆరేదాకా ఎందుకు ఆగాలో, పిండి పలచనైతే ఏమవుతుందో నీ మాటల్లో చెప్పు. టీవీ యాంకర్ లెక్క మాట్లాడాల్సిన పనే లేదు, ఇంట్లో నాతో మాట్లాడినట్టే మాట్లాడు. కింద రాసేటప్పుడు వరంగల్, హన్మకొండ పేర్లు తెలుగులో ఒకసారి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకసారి రాయి, వెతికేవాళ్లు ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతారు.

గూగుల్ మ్యాప్స్‌లో కూడా పేరు పెట్టించు. దానికీ పైసలు లేవు. ఇంటి అడ్రస్ అందరికీ కనబడాల్సిన అవసరం లేదు, అడ్రస్ దాచిపెట్టి హన్మకొండ, కాజీపేట, వరంగల్ వరకు ఇస్తామని పెట్టుకోవచ్చు. కొన్నవాళ్లను రివ్యూ రాయమని అడుగు, కానీ ఐదు స్టార్లు ఇస్తే ప్యాకెట్ ఫ్రీ అనకు, గూగుల్ దాన్ని ఒప్పుకోదు. చుట్టపోళ్లతో, తిననివాళ్లతో కూడా రాయించకు. ఎవరైనా బాగాలేదని రాస్తే కోపం తెచ్చుకోకుండా ఏమైందో అడిగి అక్కడే జవాబు రాయి, కొత్తవాళ్లు ముందు చూసేది ఆ జవాబే.

ఇక ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్, అంటే తినే వస్తువుల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ దగ్గర పేరు నమోదు. అది లేకుండా ప్రచారం మొదలుపెట్టొద్దని గట్టిగా చెప్తున్నా. ఇంట్లో చేసి అమ్మినా తినే వస్తువు కాబట్టి కావాలి. చిన్న వ్యాపారాలకు పెద్ద ఖర్చు ఉండదు, ఆన్‌లైన్‌లోనే చేసుకోవచ్చు. 14 అంకెల నంబరు వస్తుంది. అది లేబుల్ మీద ఉండాలి. దానితో పాటు ఏమేం వేశావో, బరువు, చేసిన తేదీ, ఎన్ని రోజుల్లో తినాలో, రేటు, నీ అడ్రస్, శాకాహారం అని చెప్పే ఆకుపచ్చ గుర్తు కూడా వేయించు. నువ్వులు ఎలాగూ రాస్తావు, వేరుశనగ నూనె వాడితే అది కూడా స్పష్టంగా రాయి, పల్లీలు పడనివాళ్లు ఉంటారు. సకినాలు ముక్కవాసన వచ్చేదాకా ఎవరింట్లోనూ ఉండిపోకూడదు, తేదీ సరిగ్గా వేస్తే ఆ భయం ఉండదు. చిన్న వ్యాపారాలను ప్రభుత్వం నమోదు చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ కూడా చేసుకో, దానికి ప్రభుత్వం ఒక్క రూపాయి తీసుకోదు, తీసుకునే వెబ్‌సైట్ కనిపిస్తే బయటికి వచ్చేయ్.

పచ్చడి, కారం కూడా మొదలుపెడతానన్నావు. సంతోషం. మన వరంగల్ చపాటా మిర్చికి 2025లో జీఐ గుర్తింపు, అంటే ఈ ప్రాంతానిదే అనే గుర్తింపు వచ్చింది, ఎర్రగా నిగనిగలాడే ఆ రంగు, తక్కువ ఘాటు, పిల్లలున్న ఇళ్లలో చాలా ఇష్టపడతారు. సీజన్‌లో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు నేనే వెళ్లి చూసి తెస్తా. చపాటాతో చేసినదానికే చపాటా అని రాయి, వేరే మిర్చి కలిపితే కలిపానని రాయి. జీఐ ముద్ర మాత్రం నువ్వు వేయకూడదు, అది వాడుకోవడానికి విడిగా రిజిస్టర్ చేసుకోవాలి. షుగర్ తగ్గుతుంది, గుండెకు మంచిది లాంటి మాటలు ఎక్కడా రాయకు. సకినం రుచిగా ఉంటుందని చెప్పు, అది నిజం.

రేటు దగ్గర నువ్వు మెత్తబడుతున్నావు, అది నాకు బాధగా ఉంది. బియ్యం, నువ్వులు, నూనె, గ్యాస్, డబ్బా, లేబుల్ ఖర్చు రాశావు గానీ పొద్దుటి నుంచి నడుం వంచి చుట్టిన నీ చేతుల కూలి ఎక్కడ? సాయానికి వచ్చే ఆ ఇద్దరు అక్కలకు కూలి ఇస్తున్నావు, వాళ్లతో సమానంగానైనా నీకు వేసుకో. మిషన్ మీద చేసిన వాటి రేటుతో పోల్చి ఎవరైనా బేరమాడితే చేత్తో చుట్టే వీడియో పంపు. మన చుట్టపోళ్లు ‘మన పిల్లే కదా’ అని ఉద్దెర పెడతారు, వాళ్లకు నేను చెప్తాను, నువ్వు మొహమాటపడకు.

పార్సిల్ గురించి. హైదరాబాద్ ఆర్డర్లకు ఆర్టీసీ కార్గో ఉంది, 2020 నుంచి నడుస్తోంది, బస్టాండ్‌లోనే బుక్ చేయొచ్చు. సకినం సున్నితమైనది, కవర్లో పోసి పంపితే పొడి మిగులుతుంది. సకినం కొలతకు సరిపోయే గుండ్రటి డబ్బాలో ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన ఖాళీ లేకుండా కాగితం కుక్కు. ముందు నాకు ఒక డబ్బా పంపి చూడు, ఎన్ని విరిగాయో లెక్కపెట్టి చెప్తా. పార్సిల్ చార్జీ ఎవరు కట్టాలో ఆర్డర్ తీసుకునేటప్పుడే చెప్పేయ్. పెద్ద ఆర్డర్ అయితే సగం అడ్వాన్స్ లేనిదే బియ్యం నానబెట్టకు.

ఇంకోటి, దీని మీద జర పైలంగా ఉండు. ‘ఆర్మీ క్యాంప్ నుంచి మాట్లాడుతున్నా, యాభై కిలోలు కావాలి’ అని ఫోన్ చేసి, అడ్వాన్స్ పంపుతున్నాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటారు. పైసలు రావడానికి పిన్ కొట్టాల్సిన పనే లేదు బిడ్డా, పిన్ కొడితే మన పైసలు పోతాయి. ఎంత పెద్ద ఆర్డర్ అయినా, ఎంత మర్యాదగా మాట్లాడినా ఫోన్ పెట్టేయ్. ఎప్పుడైనా పొరపాటున పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయి, ఆ తర్వాత నాకు చెయ్, నేను ఒక్క మాట కూడా అనను.

ఇవన్నీ కుదిరాక, సంక్రాంతికి ముందు, అప్పుడు ప్రకటన సంగతి చూద్దాం. ఎక్కువమంది చూసిన ఒక వీడియోకే పెట్టు, హన్మకొండ, వరంగల్, కాజీపేట వరకే కనపడేట్టు, నొక్కితే నేరుగా నీ వాట్సాప్‌కు మెసేజ్ వచ్చేట్టు. రోజుకు రెండు వందలకు మించి వద్దు. లైకులు లెక్కపెట్టకు, ఎంతమంది మెసేజ్ చేశారు, అందులో ఎంతమంది పైసలు కట్టారు, అది రాసుకో. నాలుగు రోజుల్లో ఆర్డర్లు రాకపోతే ఆపేయ్. అంతకంటే ముందు, నువ్వూ ఆ ఇద్దరు అక్కలూ కలిసి రోజుకు ఎన్ని కిలోలు మంచిగా చేయగలరో తేల్చుకో. అంతవరకే ఆర్డర్లు తీసుకుని ‘ఈ వారం అయిపోయాయి, వచ్చే వారానికి రాసుకుంటున్నాం’ అని స్టేటస్ పెట్టు. పండుగ ముందు రాత్రి అందని సకినాలు ఎవరికీ పనికిరావు, అట్లా ఒక ఇల్లు పోతే ఆ వాడకట్టంతా పోతుంది. టెన్షన్ పడి నిద్ర మానుకుని చేయకు, వేడి నూనె దగ్గర కూర్చునే పని అది.

రేటు కార్డు ఒకటి తయారుచేసి పంపు, తెలుగులోనే, అక్షరాలు పెద్దగా ఉండాలి. దుకాణంలో కౌంటర్ పక్కన అతికిస్తాను, నీ కొత్త నంబరు కూడా అందులో వేయించు. పర్కాలలో ఈసారి సారె పెట్టే ఇళ్లు నాకు తెలిసినవి రాసి ఉంచాను, నువ్వు సరేనంటే వాళ్లను అడిగి, ఒప్పుకున్నవాళ్ల నంబర్లు నీకు పంపిస్తా. నువ్వులు ఈ వారమే కొనేద్దామా, వచ్చే వారం దాకా ఆగుదామా? పండుగ దగ్గరికొస్తే రేటు పెరుగుతుందని నాకనిపిస్తోంది, రేపు పొద్దున ఫోన్ చేసి ఎన్ని కిలోలో చెప్పు. అల్లుడిని అడిగానని చెప్పు.

ఇట్లు
మీ బాపు