నాలుగు వారాలుగా ఫోన్లు చేస్తూనే ఉన్నాను, మా అమ్మ యూరిన్ రిపోర్ట్ ఎక్కడ?

కస్టమర్ కేర్ హెడ్ గారికి,

విషయం: డయాబెటిస్ ప్యాకేజీలో మాకు ఇవ్వని యూరిన్ ఆల్బుమిన్ రిపోర్ట్ గురించి.

నమస్కారం.

ఒక రిపోర్ట్ రాకపోవడం పెద్ద నేరమేం కాదు. సాంపిల్ ఒలికిపోవచ్చు, మెషిన్ ఆగిపోవచ్చు. ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే మర్నాడే మళ్లీ ఇచ్చేవాళ్లం. మీ కంపెనీలో ఒక్కరూ ఆ మాట చెప్పలేదు. నా కోపం దానికే.

మా అమ్మకు 63 ఏళ్లు, షుగర్ వచ్చి 14 ఏళ్లు. పరకాలలో ఉంటుంది. ఈ మధ్య చూపు మసకబారితే కంటి డాక్టర్ గారు రెటీనాలో వాపు ఉందని ఇంజెక్షన్ వేశారు. కంట్లో సన్నటి నాళాలు దెబ్బతిన్నాయంటే కిడ్నీలో నాళాలనూ చూసుకోవాలి, యూరిన్‌లో ఆల్బుమిన్ అనే ప్రోటీన్ పోతోందేమో పరీక్ష చేయించండి అన్నారు. అందుకే మీ ప్యాకేజీ తీసుకున్నాం. అమ్మ పరగడుపున మొదటి బస్సెక్కి హనుమకొండ వచ్చి రక్తం, మూత్రం రెండూ ఇచ్చింది. సాయంత్రానికల్లా షుగర్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, కిడ్నీల పనితీరు కోసం రక్తంలో చూసే క్రియాటినిన్ వాట్సాప్‌లో వచ్చాయి. ఆల్బుమిన్ దగ్గర మాత్రం ‘పెండింగ్’ అని ఉంది.

మొదటిసారి ఫోన్ చేస్తే 24 గంటల్లో వస్తుందన్నారు. రెండోసారి 48 గంటలన్నారు. మూడోసారి ఎత్తినాయనకు మొదటి రెండు ఫోన్ల సంగతే తెలియదు. అమ్మ పేరు, పుట్టిన తేదీ, బిల్లు నంబర్ మళ్లీ మొదటి నుంచి చెప్పించారు. సెంటర్‌కు వెళ్తే కౌంటర్‌లో అమ్మాయి, ‘ల్యాబ్ హైదరాబాద్‌లో ఉంది మేడమ్, మా చేతుల్లో ఏం లేదు, కాల్ సెంటర్‌కు చెయ్యండి’ అంది. అక్కడే నిలబడి చేశాను. ‘అది బ్రాంచ్ వాళ్లే చూడాలి మేడమ్’ అని జవాబొచ్చింది. ఆ ఫోన్ అలాగే కౌంటర్ అమ్మాయి చేతికిచ్చాను. ఇద్దరూ మాట్లాడుకుని మళ్లీ నాకే ఇచ్చారు. గంటన్నర నిలబడి ఇంటికొచ్చాను.

పదో రోజున మెసేజ్ వచ్చింది, మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి అని. ఎవరూ ఫోన్ చేయలేదు, రిపోర్ట్ రాలేదు, కంప్లయింట్ మాత్రం మూసేశారు. మళ్లీ కొత్త కంప్లయింట్ పెట్టాను. అమ్మను మళ్లీ పిలిపించి రెండో సాంపిల్ ఇప్పించాను. ఎనిమిది రోజుల తర్వాత ఆ సాంపిల్ తమకు చేరనే లేదన్నారు. నోట్‌బుక్‌లో రాసుకున్నాను, మొత్తం 11 ఫోన్లు, మూడు ఈమెయిళ్లు.

అన్నిటికన్నా మనసు కష్టపెట్టిన మాట తొమ్మిదో ఫోన్‌లో విన్నాను. ‘క్రియాటినిన్ నార్మలే కదా మేడమ్, కిడ్నీలు బాగున్నట్టే, ఎందుకు టెన్షన్?’ అన్నాడు మీ ఉద్యోగి. పరీక్షలు అమ్ముకునే కంపెనీ మనిషి అనాల్సిన మాటేనా అది?

డాక్టర్ గారు మాకు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. ఒక్కో కిడ్నీలో సుమారు 10 లక్షల వడపోత గుత్తులుంటాయి. ఒక్కోటీ వెంట్రుక కన్నా సన్నని రక్తనాళాల ముద్ద. ఆ నాళాల చుట్టూ అంటిపెట్టుకున్న పోడోసైట్లనే కణాలు వీఈజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్‌ను, అంటే రక్తనాళాలను పెంచి పోషించే ప్రోటీన్‌ను తయారు చేస్తాయి. తగినంత ఉంటే నాళాలు బతుకుతాయి. షుగర్ వల్ల తొలి దశలో అది మోతాదు మించితే నాళాల గోడలు వదులై ప్రోటీన్ మూత్రంలోకి కారుతుంది. అమ్మ కంట్లో వేసిన ఇంజెక్షన్ అడ్డుకునేది కూడా ఈ వీఈజీఎఫ్‌నే. టీజీఎఫ్ బీటా అనే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్ గుత్తి లోపల పీచులాంటి పదార్థాన్ని పేర్చుకుంటూ పోతుంది, అది మచ్చ కట్టి గట్టిపడుతుంది. చివరకు పోడోసైట్లే రాలిపోతాయి, వీఈజీఎఫ్ కరువై నాళాలు మూసుకుపోతాయి.

తొలి దశలో కిడ్నీ మామూలు కన్నా ఎక్కువే వడపోస్తుంది కాబట్టి క్రియాటినిన్ బాగానే కనిపిస్తుంది. అది పెరిగేసరికి నష్టం చాలావరకు జరిగిపోయి ఉంటుంది. ముందుగా పట్టిచ్చేది ఆల్బుమిన్ పరీక్ష. మూత్రంలో గ్రాము క్రియాటినిన్‌కు ఆల్బుమిన్ 30 మిల్లీగ్రాములు దాటితే డాక్టర్లు జాగ్రత్త పడతారు. ఒక్కసారి చూసి తేల్చరు, కొన్ని నెలల్లో మూడుసార్లు చేసి రెండుసార్లు ఎక్కువ వస్తేనే నిర్ధారిస్తారు. బీపీ పెంచే యాంజియోటెన్సిన్ అనే హార్మోన్ ప్రభావాన్ని తగ్గించే ఒక రకం బీపీ మాత్రలున్నాయి, అవి టీజీఎఫ్ బీటా జోరునూ తగ్గిస్తాయి, వాటిని మొదలుపెట్టాలా వద్దా అన్నది ఈ పరీక్ష చూశాకే అన్నారు. మీరు ‘పెండింగ్’ అని రాసి వదిలేసింది ఆ పరీక్షనే. మా అమ్మకు మొదటి అంకే ఇంకా రాలేదు.

ఎనిమిదేళ్లుగా మా ఇంట్లో అందరి పరీక్షలూ మీ దగ్గరే. మా పెద్దమ్మను, మా స్కూల్లో తోటి టీచర్లను నేనే మీ సెంటర్‌కు పంపాను. ఇప్పుడు వాళ్లు రిపోర్ట్ వచ్చిందా అని అడుగుతుంటే సిగ్గుగా ఉంది. పొద్దున్నే మా ఇంటికి వచ్చి రక్తం తీసుకెళ్లే అబ్బాయి మంచివాడు, ఆయన మీద ఏ చర్యా తీసుకోవద్దు. ఇంటికే మనిషిని పంపి మళ్లీ సాంపిల్ తీసుకోండి, డబ్బు అడగకండి, రిపోర్ట్ రెండు రోజుల్లో ఇవ్వండి. రెండు సాంపిళ్లు ఏమయ్యాయో, మొదటి కంప్లయింట్‌ను ఎవరు ఎందుకు మూశారో సంతకంతో రాసి పంపండి. బిల్లు డబ్బు తిరిగిస్తాం, వదిలేయండి అంటే నేను ఒప్పుకోను.

వారంలో జవాబు రాకపోతే 1915కు ఫోన్ చేసి వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెడతాను. ఆ తర్వాత ఈ నోట్‌బుక్, మీ మెసేజ్‌లు పట్టుకుని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. ఫోన్ చేసేటప్పుడు దయచేసి పాత కంప్లయింట్లు చదివి చేయండి. అమ్మ పుట్టిన తేదీ పన్నెండోసారి చెప్పే ఓపిక నాకు లేదు.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
హనుమకొండ