అరబిక్ క్లాసులో కథలకూ చోటివ్వండి

సంపాదకుడు గారికి,

హైదరాబాద్‌లో అరబిక్ నేర్చుకోవడానికి ఉస్మానియా, ఇఫ్లూ (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం), మౌలానా ఆజాద్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉన్నాయి. గల్ఫ్ వెళ్లేవారి కోసం కోచింగ్ సెంటర్లూ ఉన్నాయి. నేను చూసిన కొన్ని క్లాసుల్లో మాత్రం క్రియారూపాల పట్టికలు బట్టీ పట్టించడమే పాఠం. సాహిత్యం పెద్ద చదువుల వాళ్లకే అన్నట్టు పక్కన పెడతారు.

మన పిల్లలకు తెలిసిన కథలతోనే మొదలుపెట్టవచ్చు కదా! పంచతంత్రం పహ్లవీ (పాతకాలపు పర్షియన్) భాషకు వెళ్లి, అక్కడి నుంచి 8వ శతాబ్దంలో ఇబ్న్ అల్ ముఖఫ్ఫా అనే రచయిత చేతుల మీదుగా అరబిక్‌లో 'కలీలా వ దిమ్నా' అయింది. మన కోతీ మొసలీ కథలో మొసలి అక్కడ తాబేలుగా మారింది. కథ ముందే తెలుసు కాబట్టి కొత్త మాటలకు అర్థం ఊహించడం తేలిక. మూలం కష్టమే, సరళం చేసి ఇవ్వాలి.

పుస్తకాల అరబిక్‌కీ, వీధిలో మాట్లాడేదానికీ చాలా దూరం. గ్రాంథికం, వ్యావహారికాల గొడవ ఎరిగిన మనకు ఇది వింతేమీ కాదు. అందుకే ఈజిప్టు సినిమా సంభాషణలు, గల్ఫ్ పాటలు కూడా వినిపించాలి. మర్యాదలూ చెప్పాలి. గల్ఫ్ ఇళ్లలో గహ్వా (అరబ్ కాఫీ) చాలనుకుంటే కప్పు కొద్దిగా ఊపాలి, లేకపోతే పోస్తూనే ఉంటారు! ఇది ఏ వ్యాకరణంలోనూ దొరకదు.

సర్టిఫికెట్ కోర్సు పరీక్షల్లో కథ చెప్పడానికీ, సంభాషణకూ కొన్ని మార్కులు కేటాయించాలని విశ్వవిద్యాలయాలను కోరుతున్నాను.

– ఒక అరబిక్ అధ్యాపకుడు, హైదరాబాద్