ఆ పెద్దసారుకు మా కాలనీ కృతజ్ఞతలు

హన్మకొండ పక్కన మా సహకార హౌసింగ్ సొసైటీ కాలనీ వార్షికోత్సవం ఈ ఆదివారం. ఈ సందర్భంగా, తన పేరు ఎక్కడా రాయొద్దన్న ఒక పెద్దసారుకు అందరి తరఫున దండాలు.

మాలో ఎక్కువమంది ఆటో నడిపేవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు, చిన్న ఉద్యోగాలవాళ్లు. సొంతిల్లు అంటేనే టెన్షన్. ఆయన రిటైరయ్యాక సాయంత్రాలు మా మధ్య కూర్చుని 1964 సహకార సంఘాల చట్టాన్ని మాకు అర్థమయ్యే మాటల్లో చెప్పారు. ఎవరికి ఎన్ని వాటాలున్నా ఓటు మాత్రం ఒక్కటేనని, ఏటా ఆడిట్ జరగాలని, సర్వసభ్య సమావేశం అడిగితే లెక్క చూపాల్సిందేనని ఆయన చెప్పేదాకా మాకు తెలియదు. ఆ తర్వాత మా ఆడవాళ్లు కూడా మీటింగుల్లో లేచి రసీదులు అడగడం మొదలుపెట్టారు. నాకైతే ఇళ్లకంటే అదే పెద్ద సంపాదన.

లేఅవుట్‌లో వాననీటి కాలువకు వదిలిన జాగాను ప్లాట్లుగా చేసి అమ్ముదామని కొందరన్నారు. డబ్బు అవసరమే, తప్పుపట్టను. ఆయన మాత్రం ససేమిరా అన్నారు. 2023 జూలైలో వరంగల్, హన్మకొండల్లో ఎన్నో కాలనీలు నీట మునిగాయి. మా వీధుల్లో నీళ్లు ఆ కాలువ పట్టుకొని వెళ్లిపోయాయి. ఆ రాత్రి పిల్లలు ఇళ్లలోనే పడుకున్నారు.

సారూ, సన్మానం, శాలువా ఏమీ ఉండవు, మాటిస్తున్నాం. బగారా అన్నం, వంకాయ కూర వండుతున్నాం. అమ్మగారిని తీసుకొని భోజనానికి రండి.