మంత్రిగారూ, ఏడాదికి ఒక్క సాయంత్రం మా గల్లీని మాకివ్వండి

తెలంగాణ సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్తే సర్. నేను హైదరాబాద్‌లో ఏసీ గార్డ్స్ దగ్గర ఒక గల్లీలో ఉంటాను. పేరు, ఇంటి నంబరు మీ పేషీకి పంపిన కాపీలో ఉన్నాయి, ఇక్కడెందుకు లెండి. అడగాల్సింది ముందే అడిగేస్తాను. ఏడాదికి ఒక్క ఆదివారం, సాయంత్రం 4 నుంచి రాత్రి 10 దాకా, మేం పాటలు పాడుకునే గల్లీ పండగకు మా గల్లీని మాకు వదిలేయండి. బండ్లు రాకుండా ఆ చివర ఒక బారికేడ్, ఈ చివర ఒక బారికేడ్, అంతే. డబ్బులు వద్దు, స్టేజీ అసలే వద్దు.

పోయినేడు ఒకసారి చేశాం. చేశాం అనడం కన్నా అదే జరిగిపోయింది అనాలి. మా దగ్గర ర్యాప్ పాడే పిల్లలు నలుగురైదుగురు ఉన్నారు, ఒకడు డిప్లొమా, ఒకడు ఫుడ్ డెలివరీ, రాత్రయితే డాబా మీద ఫోన్లో బీట్ పెట్టుకుని తెలుగూ ఉర్దూ కలిపి పాడుతుంటారు. పక్కింటి చాచా ఎన్నో ఏళ్లుగా పెళ్లిళ్లకు మర్ఫా వాయిస్తాడు, అదే, బరాత్‌లో మోగే డప్పుల వాయిద్యం. ఆ రోజు గల్లీలోనే రెండు స్పీకర్లు పెట్టి పిల్లలు మొదలుపెట్టారు, మూడో పాటకే కరెంటు పోయింది. అందరూ ఫోన్ లైట్లు వేసుకుని నిలబడ్డారు, ఇక ఇళ్లకు పోదామన్నట్టు. చాచా లోపలికెళ్లి స్టీల్ బిందె తెచ్చి, అరుగు మీద బోర్లించి, రెండు కట్టెపుల్లలతో మొదలుపెట్టాడు. "ఎంత స్పీడ్ కావాలె రా నీకు?" అని అడిగాడు డెలివరీ పిల్లాణ్ని. వాడు చేత్తో తొడ మీద కొట్టి చూపించాడు. రెండు నిమిషాలు కుదరలేదు, చాచా దెబ్బ ముందు పడుతోంది, వీడి మాట వెనక పడుతోంది. మూడోసారికి కుదిరింది. "నల్లా వస్తది నాలుగింటికి, నిద్ర వస్తది నాకెప్పటికి" అని వాడందుకుంటే మా అమ్మతో సహా నల్లా కోసం నాలుగింటికి లేచే ఆడవాళ్లందరూ ఈలలే ఈలలు. మా అమ్మకు ఈల రాదనుకున్నాను ఇన్నాళ్లూ.

ఏసీ గార్డ్స్ అంటే ఏసీ మెకానిక్కుల బస్తీ అనుకునేవాళ్లు ఇప్పటికీ నాకు తగులుతుంటారు. ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ సర్, నిజాం దగ్గర ఉన్న ఆఫ్రికన్ గుర్రపు దళం. 1948 తర్వాత దళం పోయింది, మనుషులు ఇక్కడే ఉండిపోయారు, వాళ్ల పిల్లలూ మనవలూ మా మధ్యే ఉన్నారు. మర్ఫా సిద్దీలని పిలిచే ఆ ఆఫ్రికన్లతోనూ, ఇదే ఊళ్లో బార్కస్ అనే పేటలో స్థిరపడ్డ అరబ్బులతోనూ ఈ ఊరికి చేరిన వాయిద్యం. ఇప్పుడు అది లేకపోతే పాతబస్తీలో పెళ్లి పెళ్లిలా ఉండదు. ఈ సంగతులు మా బస్తీ పిల్లలకు ఏ పుస్తకంలోనూ కనపడలేదు. ఆ బిందె మోతలోనే మొదటిసారి అడిగారు, "చాచా, ఇది ఎక్కడిది?" అని.

ర్యాప్ మనది కాదు, విదేశీ సరుకు అనేవాళ్లకు ఒక మాట. ర్యాప్ ఏ హిప్‌హాప్‌లోంచి వచ్చిందో, ఆ హిప్‌హాప్ పుట్టింది ఇలా అంటారు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్ట్‌మెంట్ కింది హాల్లో, సిండీ కాంప్‌బెల్ అనే అమ్మాయి స్కూల్ తెరిచేలోపు కొత్త బట్టలకు డబ్బులు కావాలని పార్టీ పెట్టింది. టికెట్ అమ్మాయిలకు 25 సెంట్లు, అబ్బాయిలకు 50. పాటలు పెట్టింది వాళ్లన్న కూల్ హెర్క్, జమైకా నుంచి వలసొచ్చిన కుటుంబం. పాటలో గొంతు ఆగిపోయి డ్రమ్స్ ఒక్కటే మోగే చోట జనం ఎక్కువ ఊగుతున్నారని గమనించి, ఒకే రికార్డు రెండు కాపీలు పెట్టి ఆ ముక్కనే సాగదీశాడు. తర్వాత ఆ పార్టీలు వీధుల్లోకి, పార్కుల్లోకి వచ్చాయి, వీధి దీపం స్తంభం నుంచి కరెంటు లాగి మరీ. పేదల పేటలో వలసొచ్చినవాళ్లు డ్రమ్ముల చుట్టూ కట్టుకున్న పాట, ఇది మా గల్లీ కథ కాదా? 2016లో ఆ వీధికి హిప్‌హాప్ బులెవార్డ్ అని పేరు కూడా పెట్టారు. మాకు పేరు వద్దు, పర్మిషన్ చాలు.

ఆ పర్మిషన్ దగ్గరే మా టెన్షనంతా. ఈ ఏడు పద్ధతిగా అడుగుదామని వెళ్తే ఒక ఆఫీసులో సౌండ్ సంగతి ఇంకోచోట అన్నారు, అక్కడ రోడ్డు సంగతి మరోచోట అన్నారు. "ఏ పార్టీ మీటింగు? ఎవరి జయంతి?" అని అడిగారు. ఏదీ కాదు సార్, మా గల్లీ పండగ అంటే ఆ కాయితం అటూ ఇటూ తిప్పి తిరిగిచ్చేశారు. డీజే అనే మాట రాయడం మా తప్పే. మత ఊరేగింపుల్లో డీజేలను 2024లో పోలీసులు నిషేధించారు కదా, ఆ మాట వినగానే లారీ నిండా బాక్సులు గుర్తొచ్చి ఉంటాయి. మా డీజే అంటే ఒక ల్యాప్‌టాప్, రెండు స్పీకర్లు. చివరికి ఒక లీడర్‌తో చెప్పిస్తే పని అవుతుందన్నారు. అవుతుంది, కానీ ఫ్లెక్సీ మీద ఆయన తల చాచా బిందె కంటే పెద్దగా ఉంటుంది, అది మాకిష్టం లేదు.

శబ్దం మాటకొస్తే, 2000 నాటి నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకర్ బంద్. పది గంటల రూలు మాకూ కావాలి, మా పై అంతస్తులో గుండె జబ్బు ఉన్న పెద్దాయన ఉన్నారు. కానీ 55లో మర్ఫా ఇమడదు సర్, ఏ బరాత్ ఇమిడింది గనక? స్పీకర్లు ఎటు తిప్పాలో, ఎంత పెట్టాలో మీరే రాసివ్వండి, పాటిస్తాం.

రోడ్డు మూయడం కొత్తేమీ కాదు. 2021లో ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్ మీద ట్రాఫిక్ ఆపి జనానికి ఇచ్చింది ప్రభుత్వమే. బతుకమ్మకు మా గల్లీ ఎటూ ఆగుతుంది, పెళ్లి షామియానాకూ ఆగుతుంది, ఎవరూ హారన్ కొట్టరు. న్యూయార్క్‌లో అయితే 60 రోజుల ముందు దరఖాస్తు, 25 డాలర్ల ఫీజు, పేట జనమే పెట్టుకోవచ్చు. అలాంటి ఒక్క ఫారం, ఒక్క కౌంటర్, ఒక్క ఫీజు పెట్టించండి. పోలీసులూ మున్సిపాలిటీ మీ శాఖ కిందికి రావని తెలుసు, కానీ ఇది సంస్కృతి అని వాళ్లకు చెప్పాల్సింది మీరే కదా.

శిల్పారామంలోనో రవీంద్రభారతిలోనో స్లాట్ ఇప్పిస్తామంటారేమో. వద్దు సర్, అక్కడికి మా అమ్మ రాదు, చాచా బిందె అసలే రాదు. గద్దర్ గారు జీవితమంతా జనం మధ్యన నేల మీద పాడారు, ఆయన పేరిట అవార్డులేమో సినిమావాళ్లకు హైటెక్స్‌లో ఇచ్చారు. చిన్న చురక, మనసులో పెట్టుకోకండి.

దరఖాస్తు మళ్లీ పెట్టాం, ఈసారి డీజే అని రాయలేదు. తేదీ ఖాళీగా వదిలాం, మీకు వీలైన ఆదివారం వేయండి. మీరొస్తే ప్లాస్టిక్ కుర్చీ వేస్తాం, కానీ నాలుగింటికే రండి, ఆలస్యమైతే అందులో ఎవరో ఒక పెద్దమ్మ కూర్చునేసి ఉంటుంది.

ఇట్లు,
ఏసీ గార్డ్స్ గల్లీ నుంచి ఒకడు